మిర్యాలగూడ మేడం

23 జూన్ 1997, సోమవారం

ఇవాళ ఒక అబద్ధం ఆడాను. ఎందుకు ఆడానో కూర్చుని రాస్తే తెలుస్తుందేమో.

పొద్దున సెంటర్ ఊడ్చి తడిగుడ్డ పెడుతున్నాను. పన్నెండు కంప్యూటర్లున్న గది. గుడ్డ గట్టిగా పిండాలి, వైర్ల మీద ఒక్క చుక్క పడకూడదు. కొంగు నడుముకు దోపి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి, బల్లల కిందికి దూరి ఉన్నాను. ఇద్దరు అమ్మాయిలు ముందే వచ్చారు. ఒకామె శాంతకుమారి. ఒక టీచర్ గారి కూతురు, డిగ్రీ చదివింది.

"ఆయమ్మా, సార్ వచ్చిండ్రా?" అంది.

రాలేదన్నాను.

"సార్ వాళ్ళ మేడం ఈడ ఉండరా? ఒక్కసారి గూడ కనపళ్ళే."

ఆ మేడంను నేనే. బల్ల కింద నుంచి వచ్చి నిలబడ్డాను. ఒక చేతిలో గుడ్డ, ఇంకో చేతిలో చీపురు. ముంజేతుల నిండా పచ్చబొట్లు. ఆమె చేతికి సన్నటి గడియారం. నేనే అంటే ఆమె మొహం ఎట్లా మారుతుందో అనకముందే కనపడింది. ఆయన పరువు పోతుందనుకున్నాను.

"మిర్యాలగూడల ఉంటరమ్మా. టీచర్" అన్నాను.

కింద రోడ్డు మీద మిర్యాలగూడ బస్సు కండక్టర్ ఆ ఊరి పేరే అరుస్తున్నాడు. అందుకే నోటికి వచ్చినట్టుంది. టీచర్ అని ఎందుకన్నానో మాత్రం తెలియదు.

24 జూన్

ఆయనకు చెప్పలేదు. చెప్పేంత పెద్ద మాట కాదు.

30 జూన్

ఈ డైరీ సెంటర్ కింది షాపుకు పురుగుమందుల కంపెనీ వాళ్ళు ఇచ్చింది. సగం ఏడాది గడిచాక షాపు సేటు ఆయనకిచ్చాడు, ఆయన నాకిచ్చాడు. ఇంట్లో మేము మా తండా మాటే మాట్లాడుకుంటాం. దానికి అక్షరాలు లేవు. నేను హాస్టల్లో ఏడో తరగతి వరకు చదివింది తెలుగే. అందుకని అన్నీ తెలుగులోనే రాస్తున్నాను, ఆయన మాటలు కూడా.

ఆయన హైదరాబాద్‌లో చదివి వచ్చి సూర్యాపేటలో ఈ సెంటర్ పెట్టాడు. బోర్డు మీద 'జి. జవహర్' అని ఉంటుంది. మేం కిరాయికి ఉండేది వేరే వీధిలో. ఆయాను పెట్టుకుందామని ఆయన అన్నాడు. నేనే వద్దన్నాను. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను, నేనే ఊడుస్తానన్నాను. ఎవరూ నన్ను ఆయాను చేయలేదు.

7 జూలై

కేబుల్ మళ్ళీ పోయింది.

ఫైళ్ళన్నీ ముందున్న పెద్ద మిషన్‌లో ఉంటాయి. మిగతా పదకొండింటినీ ఒక నల్ల కేబుల్‌తో దానికి కలిపి ఉంచాడు. పిల్లలందరూ ఒకేసారి ఫైలు అడిగితే పెద్ద మిషన్ బిగుసుకుపోతుంది. ఎవరి కాలో తగిలి కేబుల్ కదిలితే వరుస మొత్తం పడుకుంటుంది. అప్పుడు ఫ్లాపీలే గతి. ఇన్నాళ్ళూ ఆయన ఒక ఫ్లాపీ పట్టుకుని ఒక్కో మిషన్ దగ్గరికి పోయి ఎక్కించేవాడు. చివరి వరుసకు చేరేసరికి మొదటి వరుస వాళ్ళు కబుర్లలో పడేవాళ్ళు.

ఇవాళ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాడు.

"ఒక్కణ్ణే అందరికి పంచుత పోతే పొద్దుగూకుతది. ఫైలు అందినోళ్ళు ఊకె కూసోవద్దు. మీ మిషన్ల పడ్డంక మీరే ఇంకో ఫ్లాపీల ఎక్కించి పక్కోళ్ళకు ఇయ్యాలె. ఇచ్చెటోళ్ళు ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది. ఖతం."

నాకు వెంటనే అర్థమైంది. తండాలో ఒకరింట్లో పెరుగు ఉంటే చాలు, అందరూ తోడు కోసం ఆ ఇంటికే పోరు. ఆమె దగ్గర తెచ్చుకున్నామె ఇంకొకామెకు ఇస్తుంది. పొద్దుగూకేసరికి అన్ని ఇళ్ళలో పాలు తోడు పడతాయి. ఇంటికొచ్చాక ఆయనతో అంటే, "గంతే, గదే లెక్క" అని నవ్వాడు. ఆ నవ్వు నాకిష్టం.

పిల్లలు లేచి తిరిగితే కుర్చీలు కేబుల్‌కు తగులుతాయని ఫ్లాపీలు అందించే పని నాకిచ్చాడు. "మొదటి కాపీ తెరిచి సూడమని చెప్పు. అది ఖరాబుంటే అన్ని ఖరాబే" అన్నాడు.

19 జూలై

రొట్టెలు చేస్తున్నాను. ఆయన తింటూ అడిగాడు.

"నా పెండ్లాం మిర్యాలగూడల టీచరట గద?"

పెనం మీద రొట్టె మాడింది.

"ఎవరన్నరు?"

"మల్సూర్. మన క్లాసు పిలగాడే. వానికెవరో చెప్పిండ్రట. నువ్వేనా?"

తల ఊపాను. తిడతాడనుకున్నాను. నవ్వాడు. నవ్వి, నీళ్ళు తాగి, "ఉండనీ తియ్. మంచిగనే ఉంది" అన్నాడు. "టీచర్ మొగడంటే తల్లిదండ్రులకు జర నమ్మకం. ఆడపిల్లలను ధైర్యంగ పంపుతరు."

"మరి నేను?"

"నువ్వు ఇంట్ల ఉన్నవు గద. సెంటర్ల మాత్రం నన్ను సార్ అను. సరేనా?"

సరే అన్నాను. ఆయన చెప్పింది నిజమే. ముందు సెంటర్ నిలబడాలి. నాకేం బాధ లేదు.

20 జూలై

నాకేం బాధ లేదు.

8 ఆగస్టు

మేడం రోజురోజుకూ పెరుగుతోంది. నేను చెప్పింది రెండు ముక్కలే. ఇప్పుడు ఆమెకు బండి కూడా వచ్చింది.

"మేడం టీవీఎస్ మీద బడికి పోతది" అన్నాడు మల్సూర్. వాడు పొద్దున రైసుమిల్లులో పని చేసి వస్తాడు. తల వెంట్రుకల్లో ఎప్పుడూ తవుడు ఉంటుంది.

"నువ్వు సూసినవా?" అంది శాంతకుమారి.

"మా బావ మిర్యాలగూడ మిల్లులనే గద చేసేది. ఆయన సూసే ఉంటడు."

"ఇంగ్లీష్ చెప్తదా, సైన్సా?"

"లెక్కలు. మొహం సూస్తేనే తెలుస్తది లెక్కల మేడమని."

"మొహం నువ్వెప్పుడు సూసినవ్ రా, తవుడు మొహమోడా!"

అందరూ నవ్వారు. టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నేనూ నవ్వాను. నవ్వుతూనే, "మేడం ఏం చీర కడ్తదమ్మా?" అని అడిగాను. ఎందుకడిగానో!

"కాటన్ చీర. గంజి పెట్టి ఇస్త్రీ చేసింది" అంది శాంతకుమారి, తన కళ్ళతో చూసినట్టే.

ఇంటికొచ్చి నాకున్న ఒక్క కాటన్ చీర నీళ్ళు చల్లి మడతపెట్టి పరుపు కింద పెట్టాను.

14 ఆగస్టు

చాందీ అనే అమ్మాయి కొత్తగా చేరింది. గరిడేపల్లి దగ్గరి తండా. నా చేతులు చూసి మా మాటలోనే పలకరించింది. ఈ గదిలో మా మాట వినడం అదే మొదలు. ఆయన కూడా ఇక్కడ మాట్లాడడు.

"ఏ తండా అక్కా నీది?"

"మోతె దిక్కు."

"సార్ గూడ మనోడేనట. ఇంటి పేరు విన్నప్పుడే అనుకున్న. మనోడు గంత పెద్దగ సదివి గా కుర్చీల కూసుంటే నాకు ఎంత సంబరమో." తర్వాత గొంతు తగ్గించింది. "కని సూసినవా, పెండ్లి మాత్రం బయట చేసుకున్నడు. మిర్యాలగూడ టీచరట, తెల్లగుంటదట. సదువంత అయినంక మన పిల్లలు పనికి రాకుంట పోయిండ్రు."

గ్లాసులు కడగాలని లేచి వచ్చాను.

కడిగిన గ్లాసులనే మళ్ళీ కడిగాను.

29 ఆగస్టు

మా నాయన వచ్చాడు.

కాళ్ళు తుడుచుకునే పట్టాను వరండాలో దులుపుతుంటే కింద కనపడ్డాడు. తలకు తెల్ల రుమాలు, భుజాన సంచి. మార్కెట్ యార్డుకు పెసలు తెచ్చి అమ్ముకుని ఇటు వచ్చాడు. బోర్డు మీద అక్షరాలు రాకపోయినా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేను మెట్లు దిగి పరుగెత్తాను. పైకి రాకముందే అందుకోవాలని.

"ఇదేనా బిడ్డా? పెద్ద బోర్డే పెట్టిండు. అల్లుడున్నడా?"

"క్లాసుల ఉన్నడు నాయినా."

"నేనేం మాట్లాడ. ఒక్కసారి మిషన్లు సూసి పోత. తండల అందరు అడుగుతున్నరు, ఫకీరా, మీ అల్లుని మిషన్లు ఎట్లుంటయ్ అని. సూడకుంట ఏం చెప్పాలె?"

మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పైన శాంతకుమారి ఉంది, మల్సూర్ ఉన్నాడు. నా పక్కన మా నాయన నిలబడితే అల్లుడెవరో, బిడ్డెవరో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. నేను అడ్డం నిలబడ్డాను. కన్నతండ్రికి అడ్డం నిలబడ్డాను.

"ఇయ్యాల కరెంట్ లేదు నాయినా. మిషన్లు నడుస్తలేవు. ఊకె నల్లగ ఉంటయ్, ఏం కనపడది."

నాయన తల ఎత్తి చూశాడు. పై కిటికీలోంచి ఫ్యాన్ కనపడుతోంది. తిరుగుతోంది. దాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"అట్లనా" అన్నాడు.

బస్టాండు దగ్గర హోటల్‌కు తీసుకుపోయి టీ తాగించాను. సాసరులో పోసుకుని తాగి, టీ మంచిగుంది అన్నాడు. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది. సంచిలోంచి పెసలు తీసి నా కొంగులో పోశాడు. బస్సు కదిలాక కిటికీలోంచి, "కరెంటున్ననాడు కబురు చెయ్ బిడ్డా" అన్నాడు.

పైకి వస్తే శాంతకుమారి, "ఎవరాయమ్మా గా పెద్దమనిషి?" అంది.

"మా ఊరాయన" అన్నాను.

30 ఆగస్టు

పెసలు వండలేదు. డబ్బాలో పోసి మూత పెట్టాను.

22 సెప్టెంబర్

రాయబుద్ధి కాలేదు ఇన్ని రోజులు.

ఇవాళ ఆయన అన్నం తింటూ, "మీ నాయన గిట్ల వచ్చిండా ఆ మధ్య?" అన్నాడు.

"వచ్చి పోయిండు."

"పైకి రాలె?"

"కరెంట్ లేకుండె."

ఆ రోజు కరెంట్ ఉన్న సంగతి ఆయనకు తెలుసు. పొద్దంతా క్లాసు చెప్పాడు. అన్నంలో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. "నువ్వు చేసింది తప్పు" అనలేదు, "మంచిపని చేసినవ్" అనీ అనలేదు. ఆ రెండో మాట అననందుకు ఆయన మంచివాడే అనుకున్నాను. మంచివాడే.

1 నవంబర్, శనివారం

వచ్చే శనివారం పరీక్ష. కోదాడ నుంచి కృష్ణమూర్తి గారని ఒక పెద్దాయన సీలు వేసిన కవర్లో ప్రశ్నల ఫ్లాపీ తెస్తారు. అది అన్ని మిషన్లలోకి ఎక్కాక అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి. పరీక్ష సరిగా జరగకపోతే సెంటర్‌కు మళ్ళీ పరీక్ష ఇవ్వరట. ఆయనకు నిద్ర పట్టడం లేదు. కేబుల్ మీద నమ్మకం లేక ఇవాళ ఫ్లాపీలతో రెండుసార్లు ప్రాక్టీస్ చేయించాడు. చాందీది మొదటి మిషన్. ఆమె చేతులు చురుకు. ఎవరు ఎవరికి ఇవ్వాలో అందరికీ నోటికొచ్చింది.

ఆ పెద్దాయన ముందు తప్పు జరగకుండా ఉంటే చాలు. మాకు ఇంకేమీ వద్దు.

8 నవంబర్, శనివారం

మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. ఆయన ఇంకా రాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున కేబుల్ పనిచేయలేదు. ఆయన వంగి ఒక్కో మిషన్ వెనుక పిన్నులు నొక్కుతూ తిరిగాడు. చొక్కా వీపంతా తడిసింది. కృష్ణమూర్తి గారు కవర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను.

"ఏమండీ జవహర్ గారూ, వాయిదా వేసుకుందామా మరి?"

"వద్దు సార్. ఫ్లాపీల మీద ఇచ్చేస్తం. పిల్లలకు అలవాటే."

"సరే, తొందరేం లేదు, కంగారు పడకండి." ఆ పెద్దాయన టీ ఊదుకుంటూ కబుర్లలోకి దిగారు. "మీ మిసెస్ మిర్యాలగూడలో టీచరటగా? ఇందాక మీ పిల్లలు చెప్పారు."

"అవును సార్."

"ఏ స్కూలండీ? మా అల్లుడు అక్కడే హెడ్మాస్టరు. నాకు తెలియని స్కూలు లేదనుకోండి ఆ ఊళ్ళో."

మా ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఫ్లాపీ కావలసినప్పుడు అట్లాగే చూస్తాడు. ఇప్పుడు ఇంకో అబద్ధం అందించమని చూస్తున్నాడు. నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి కదా.

"ఈ మధ్యనే మారింది సార్... చెప్త. ముందు గీ ఫైలు ఎక్కిద్దాం" అన్నాడు.

కవర్ చించారు. ఆయన ఫైలును పెద్ద మిషన్‌లో ఎక్కించి, ఒక ఫ్లాపీలోకి తీసి నా చేతికిచ్చాడు. నేను చాందీ దగ్గరికి పోయాను. ఆమె ఎక్కించి, తెరిచి చూసింది. బాగానే ఉంది. ఇంకో ఫ్లాపీ పెట్టి కాపీ కొట్టింది. అది ఎక్కుతూ గరగరమంటోంది. నేను పక్కన వంగి నిలబడి ఉన్నాను. మా నాయన మొహం కళ్ళ ముందు ఉంది. కృష్ణమూర్తి గారికి స్కూలు పేరు చెప్పాక ఆ స్కూలు పేరు కూడా ఊరంతా పోతుంది. ఇంక దానికి అంతం లేదు. గట్టిగా చెప్పడం నా వల్ల కాదు. ఈ గదిలో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు. కానీ ఒక్కరి చెవిలో చెప్పగలను.

"చాందీ" అన్నాను మా మాటలో. "మిర్యాలగూడల ఎవ్వరు లేరు. సార్ పెండ్లాన్ని నేనే."

ఆమె చేయి కీబోర్డు మీదే ఆగింది.

"ఏమంటున్నవక్కా?"

"నేనే. ఫ్లాపీతో పాటు గీ మాట గూడ పంపు."

ఆమె నా చేతుల వైపు చూసింది. ముందున్న ఆయన వైపు చూసింది. గరగర ఆగింది. ఫ్లాపీ తీసి నాకిచ్చే బదులు తనే లేచి, వెనుక ఉన్న శాంతకుమారికి ఇచ్చి ఏదో అంది.

శాంతకుమారి తల తిరిగింది. నా మొహం చూడలేదు, నా కాళ్ళ వైపు చూసింది. తర్వాత ఆమె నుంచి ఒకరికి, చాందీ నుంచి ఇంకొకరికి. ఫ్లాపీ ఎట్లా పోతుంటే తలలు అట్లాగే తిరుగుతున్నాయి. కానీ ఆయన పెద్ద మిషన్ నుంచి రెండో ఫ్లాపీ తీసి మల్సూర్‌కు తనే ఇచ్చాడు. ఆ ఫ్లాపీతో మాట పోలేదు. అటు వైపు వాళ్ళు ఫైలు తీసుకుని స్క్రీన్లు చూసుకుంటున్నారు. గదిలో సగం మంది నన్ను చూస్తున్నారు, సగం మందికి ఏమీ తెలియదు. నేను మధ్యలో నిలబడ్డాను. తలుపు దగ్గరికి పోదామనుకున్నాను, పోకుండా బల్ల మీది టీ పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను.

మల్సూర్‌కు ఆ మాట అందరికన్నా చివర చేరింది. వాడికి గుసగుస రాదు.

"ఏందీ? ఆయమ్మనా?"

కృష్ణమూర్తి గారు గ్లాసు దించారు. "ఏమైందయ్యా?"

మల్సూర్ లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తోచక తన కుర్చీ ఎత్తి తెచ్చి నా ముందు వేశాడు. "ఏం లేదు సార్... మేడం నిలబడ్డది... అందుకని."

"మేడం ఎవరు?"

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆయన మొహం చూడకూడదనుకుంటూనే చూశాను. పెదవులు తడుపుకున్నాడు.

"నా భార్య సార్" అన్నాడు.

ఐదు నెలల నుంచి ఈ గదిలో ఆ మాట కోసం... ఆ తర్వాత వెంటనే, అదే ఊపిరిలో అన్నాడు.

"మిర్యాలగూడ నుంచి నిన్ననే వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. నా చేతి టీ రోజూ తాగేవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరు నవ్వినా ఇంత సిగ్గయ్యేది కాదు. శాంతకుమారి కళ్ళు దించుకుంది. చాందీ ఆయన వైపే చూస్తోంది, రెప్ప వేయకుండా.

కృష్ణమూర్తి గారు సగం లేచి చేతులు జోడించారు. "నమస్కారమమ్మా. ఏ సబ్జెక్టు చెబుతారు మీరు?"

నా చేతిలో టీ పళ్ళెం ఉంది. తిరిగి నమస్కారం పెట్టడానికి చేయి ఖాళీ లేదు. ఆయన నన్ను చూస్తున్నాడు. ఈసారి ఆ చూపులో అడగడం లేదు. భయం ఉంది. నన్ను చూసి ఆయన భయపడడం ఎప్పుడూ చూడలేదు.

నిజం చెప్పాలని నోరు తెరిచాను. ఒట్టు, అందుకే తెరిచాను.

"లెక్కలు సార్" అన్నాను.

"మంచి సబ్జెక్టు" అన్నారు ఆ పెద్దాయన, గడియారం చూసుకుంటూ. "ఇక మొదలుపెట్టండర్రా."

అందరి తలలూ ఒక్కసారి వంగాయి. కీబోర్డుల చప్పుడు వాన పడ్డట్టు మొదలైంది. పరీక్ష బాగా జరిగింది. ఒక్క మిషన్ కూడా ఆగలేదు.

నేను కుర్చీలో కూర్చోలేదు.

9 నవంబర్, ఆదివారం

పొద్దున ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే అడిగాడు.

"ఎందుకన్నవ్ లెక్కలని?"

"నిన్ననే వచ్చిందని నువ్వెందుకన్నవ్?"

"గాయన ముందర ఇంకేం అనాలె? పరీక్ష ఖరాబైతుండె" అన్నాడు.

"పరీక్ష కోసం నేను గూడ అన్న."

మొహం కడుక్కుని బయటికి పోయాడు. ఇన్నాళ్ళూ నా వల్ల ఆయనకు సిగ్గు అని నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు ఆయన వల్ల నాకు సిగ్గు. పెళ్ళాం రాయకూడని మాట. రాశాను, కొట్టేయను.

10 నవంబర్, సోమవారం

మామూలుగానే ఊడ్చాను. పిల్లలు వచ్చారు. నేను కనపడగానే లేచి నిలబడ్డారు. నిలబడి ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నారు. శాంతకుమారి దాహమైతే నన్ను అడగలేదు, కిందికి పోయి తాగి వచ్చింది. మల్సూర్ తన గ్లాసు తనే కడుగుతుంటే జారి పగిలింది. "సారీ మేడం" అన్నాడు. ఎవరూ నా ముందర కబుర్లు చెప్పుకోలేదు.

చాందీ మాత్రం మెట్ల మీద నన్ను పట్టుకుంది.

"నీ ముందర ఏమేమి మాట్లాడినం అక్కా! తెల్లగుంటదని, మన పిల్లలు పనికి రాలేదని. అన్ని ఇనుకుంట ఎట్ల కూసున్నవ్? ఒక్కసారన్న 'థూ, మూసుకో' అనకపోతివి!"

"నోరు రాలె."

"నోరు రాలేదట. మిర్యాలగూడ దాక వచ్చింది గద నోరు!"

నాకు నవ్వు వచ్చింది. ఆమెకు రాలేదు.

"గాయనను గూడ అడగాలె నువ్వు" అంది. "అందరం ఇన్నం. నిన్ననే వచ్చిందట! మాకు సిగ్గయింది అక్కా, ఆయన తరఫున. మనోడు గద."

ఆమె నా భుజం మీద చేయి వేసి, తీసేసి, పైకి పోయింది.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చాక చెప్పాను. అడగలేదు, చెప్పాను.

"శుక్రవారం మోతె పోయి మా నాయనను తీసుకొస్త. సెంటర్ సూపిస్త."

"ఆదివారం తీసుకరారాదు? శుక్రవారం పిల్లలుంటరు."

"ఉంటరనే శుక్రవారం."

వంగి చెప్పులు విప్పాడు. పొయ్యి మీద నాయన ఇచ్చిన పెసలు ఉడుకుతున్నాయి. వాటి వాసన ఆయనకూ తెలిసి ఉంటుంది. ఎక్కడివి అని అడగలేదు.

"మామ కుర్చీల కూసుంటడా?" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "అలవాటు లేదు గద."

"కూసోకపోతే నిలబడి సూస్తడు" అన్నాను. "పైకి వచ్చి సూస్తడు."